మీకు తెలుసా? గతం వెనకాల దాగిన ‘హ్యాడ్’ సంగతులు

హ్యాడ్ ప్లస్ వీత్రీ అంటే పాస్ట్ పర్ఫెక్ట్. హ్యాడ్ బీన్ ప్లస్ ఐఎన్‌జీ అంటే పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. తెలుగునాట ఇంగ్లీషు చదివినవాళ్లకు ఈ రెండు సూత్రాలూ నోటికి వచ్చు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి అవి చాలు. మాట్లాడేటప్పుడో, మెయిల్ రాసేటప్పుడో మాత్రం ఎక్కడ హ్యాడ్ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి అన్న అనుమానం పెద్ద చదువులు చదివినవాళ్లనీ వదలదు. సూత్రం చెప్పకుండా వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి తెలిస్తే ఆ అనుమానం చాలావరకు తీరిపోతుంది.

ఎంత పాతదన్నది లెక్కలోకి రాదని మీకు తెలుసా?

బాగా పాత సంగతి అయితే హ్యాడ్ పెట్టాలని మనలో చాలామంది నమ్మకం. అది పొరపాటు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు పాలించాడు. అయిదు వందల ఏళ్ల కిందటి మాట. అయినా ‘కృష్ణదేవరాయ రూల్డ్’ అంటే సరిపోతుంది, హ్యాడ్ అక్కర్లేదు. ఇందాకే స్టేషనుకు పరిగెత్తి, మనం చేరకముందే రైలు కదిలిపోయిందని చెప్పాలంటే మాత్రం ‘ది ట్రైన్ హ్యాడ్ లెఫ్ట్’ అనాలి.

అయిదు వందల ఏళ్లకు అక్కర్లేని హ్యాడ్ అయిదు నిమిషాలకు ఎందుకు కావాల్సివచ్చింది? రెండో వాక్యంలో మనం గతంలోని ఒక క్షణం దగ్గర, అంటే స్టేషను చేరిన క్షణం దగ్గర నిలబడి, అక్కడి నుంచి ఇంకా వెనక్కి చూస్తున్నాం. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు. ఆ ముక్క ఒక్కటే చెప్పాలంటే ‘రీచ్డ్’ చాలు. రాయలు సింహాసనం ఎక్కేనాటికి గామా కాలికట్ చేరి పదకొండేళ్లయిందని చెప్పండి, అదే గామాకు ‘హ్యాడ్ రీచ్డ్’ వస్తుంది. పని అదే, సంవత్సరం అదే. మనం నిలబడిన చోటు 1509కి మారింది, అంతే తేడా.

దీన్ని సూటిగా విప్పి చెప్పినవాడు వ్యాకరణవేత్త కాదు, తత్వవేత్త. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో ‘ఎలిమెంట్స్ ఆఫ్ సింబాలిక్ లాజిక్’ అనే పుస్తకంలో ప్రతి టెన్సునూ మూడు బిందువులతో వివరించాడు: మాట్లాడుతున్న సమయం, పని జరిగిన సమయం, ఆ పనిని చూస్తున్న సమయం. సింపుల్ పాస్ట్‌లో చివరి రెండూ ఒకే చోట ఉంటాయి. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ మూడు చోట్ల ఉంటాయి. నా మట్టుకు ఈ టెన్సుకు ఇంతకన్నా పొందికైన వివరణ కనబడలేదు. అంతకుముందు 1924లోనే డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ దీన్ని ‘బిఫోర్ పాస్ట్’ అని పిలిచాడు. గతానికి ముందటి గతం అన్నమాట.

టైటానిక్ మునిగిన రాత్రిని హ్యాడ్ లేకుండా సరిగ్గా చెప్పలేమని మీకు తెలుసా?

ఈ రెండు టెన్సుల తేడా పట్టుబడాలంటే 1912 ఏప్రిల్ 14 రాత్రి కన్నా మంచి పాఠం లేదు.

ఏప్రిల్ 10న సౌథాంప్టన్ రేవు విడిచిన టైటానిక్, 14వ తేదీ రాత్రి 11 గంటల 40 నిమిషాలకు మంచుకొండను గుద్దుకుంది. ఆ క్షణం దగ్గర నిలబడి చూడండి. అప్పటికి ఓడ నాలుగు రోజులుగా ప్రయాణిస్తోంది. ‘ది షిప్ హ్యాడ్ బీన్ సెయిలింగ్ ఫర్ ఫోర్ డేస్’. ప్రయాణం ముగియలేదు, సాగుతుండగానే దెబ్బ తగిలింది. కాబట్టి కంటిన్యువస్. ఆరోజు ముందున్న ఓడల నుంచి మంచు హెచ్చరికలు వచ్చాయి. వాటిని అందుకున్న పనులుగా చూస్తే ‘హ్యాడ్ రిసీవ్డ్ సెవరల్ వార్నింగ్స్’. అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయన్న సాగుదల చెప్పాలనుకుంటే ‘హ్యాడ్ బీన్ రిసీవింగ్ వార్నింగ్స్’. రెండూ ఒప్పే. రాసేవారు దేన్ని ముందుకు తేవాలనుకున్నారన్నదాన్ని బట్టి మాట మారుతుంది.

దగ్గర్లోనే కాలిఫోర్నియన్ అనే ఓడ మంచుకు జంకి ఆ రాత్రికి ఆగిపోయి ఉంది. టైటానిక్ సాయం కోసం వైర్‌లెస్‌లో పిలిచేసరికి, ఆ ఓడలో ఉన్న ఒకే ఒక్క వైర్‌లెస్ ఆపరేటర్ పని ముగించి పడుకున్నాడు. ‘హీ హ్యాడ్ గాన్ టు బెడ్’. ఇందులో హ్యాడ్ తీసేసి ‘వెన్ ది టైటానిక్ కాల్డ్ ఫర్ హెల్ప్, హీ వెంట్ టు బెడ్’ అని రాశామనుకోండి. పిలుపు వచ్చాక వెళ్లి పడుకున్నాడని అర్థం వస్తుంది. ఏ పాపమూ ఎరగని మనిషి మీద మోయలేని నింద పడుతుంది.

టైటానిక్ తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు మునిగింది. కార్పేథియా అనే ఓడ సుమారు 4 గంటలకు అక్కడికి చేరి, పడవల్లో తేలుతున్న ఏడు వందల మంది దాకా ప్రాణాలు కాపాడింది. ‘వెన్ ది కార్పేథియా అరైవ్డ్, ది టైటానిక్ హ్యాడ్ సంక్’. ఇక్కడా హ్యాడ్ లేకపోతే, కార్పేథియా కళ్లెదుటే టైటానిక్ మునిగినట్టు అవుతుంది. పిల్లలకు ఈ టెన్సు చెప్పే ఉపాధ్యాయులు రాముడు, సీత, బస్సు వాక్యాలతో పాటు ఈ ఒక్క రాత్రిని కూడా చెబితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

వరస తప్పకుండా చెబితే హ్యాడ్ అవసరమే ఉండదని మీకు తెలుసా?

నన్నయ రాశాడు, తిక్కన రాశాడు, ఎర్రన రాశాడు. జరిగిన క్రమంలోనే చెబుతున్నాం కాబట్టి మూడుచోట్లా సింపుల్ పాస్ట్ సరిపోతుంది. మన భారతం చదివే వరస వేరు. అరణ్యపర్వంలో నన్నయ ఆపిన చోట ఎర్రన అందుకుంటాడు, ఆ తర్వాత విరాటపర్వం నుంచి తిక్కన వస్తాడు. కాలంలో చూస్తే తిక్కన ముందు, ఎర్రన తర్వాత. ఈ సంగతి ఎర్రనతో మొదలుపెట్టి ఇంగ్లీషులో చెప్పాలంటే, ఎర్రన అరణ్యపర్వ శేషం పూరించేనాటికి తిక్కన పదిహేను పర్వాలూ ‘హ్యాడ్ ఆల్‌రెడీ ఫినిష్డ్’ అనక తప్పదు. తర్వాత జరిగింది ముందు చెప్పి, ముందు జరిగింది తర్వాత చెప్పినప్పుడు పాఠకుడు దారి తప్పకుండా చూసేది ఆ ఒక్క మాటే.

ఆఫ్టర్, బిఫోర్ లాంటి మాటలుంటే వరస వాటితోనే తెలిసిపోతుంది. అక్కడ హ్యాడ్ పెట్టకపోయినా చాలాసార్లు తప్పు కాదు.

జరగని పనికి కూడా హ్యాడ్ వస్తుందని మీకు తెలుసా?

చార్లెస్ డికెన్స్ 1870 జూన్ 9న చనిపోయాడు. అప్పటికి ‘ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ నవల సగంలో ఉంది. దీన్ని ఇంగ్లీషులో ‘డికెన్స్ డైడ్ బిఫోర్ హీ హ్యాడ్ ఫినిష్డ్ ది నావెల్’ అంటారు. పూర్తి చేయడం అన్న పని అసలు జరగనే లేదు. అయినా హ్యాడ్ దానికే తగిలింది. ముందు జరిగిన పనికే హ్యాడ్ వస్తుందని బట్టీపట్టిన సూత్రం ఇక్కడ పనిచేయదు. బిఫోర్ తర్వాత వచ్చే హ్యాడ్ కాలక్రమాన్ని కాక, ముగియకపోవడాన్ని చెబుతుంది.

ఇఫ్ సంగతి ఇంకా విచిత్రం. ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్నాడంటే తెలియలేదు, రాలేదు అని అర్థం. ఇఫ్ తీసేసి ‘హ్యాడ్ ఐ నోన్’ అని తిప్పి చెప్పినా అదే అర్థం. ఈ హ్యాడ్ రేపటికి కూడా వెళ్తుంది. ఈరోజు వచ్చిన చుట్టంతో ‘ఇఫ్ యు హ్యాడ్ కమ్ టుమారో’ అనవచ్చు. నువ్వు రేపు వచ్చి ఉంటే మేం ఊళ్లో ఉండేవాళ్లం కాదు అని మనం అన్నట్టే. పేరులో పాస్ట్ ఉంది, మాట మాత్రం రేపటి గురించి.

తెలుగులో ఇదే పని ఎలా జరుగుతుందో గమనించారా? ముందే చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి అంటాం. చిన్నప్పుడు ఈ గుడికి రోజూ వచ్చేవాణ్ణి అన్నప్పుడూ అదే ‘వచ్చేవాణ్ణి’. గతంలోని అలవాటును చెప్పే రూపాన్నే మనం జరగని పనికి వాడుతున్నాం. ఇంగ్లీషు ఒక దారిన వెళ్తే, తెలుగు వేరే దారిన వెళ్లింది. రెండు భాషలూ గతాన్నే అరువు తెచ్చుకున్నాయి.

ఐరోపాలో మరికొన్ని భాషలూ ఇటే నడిచాయి. లాటిన్‌లో ‘అమావెరామ్’ అన్న ఒక్క మాటకే ‘అప్పటికే ప్రేమించి ఉన్నాను’ అని అర్థం. పోర్చుగీసు పుస్తకాల భాషలో ఆ ఒంటిమాట రూపం నేటికీ ఉంది. స్పానిష్‌లో మాత్రం అది జరగని, ఊహించిన సంగతులు చెప్పే రూపంగా మారిపోయింది. రష్యన్‌లో ఈ టెన్సే అంతరించింది. దాని అవశేషంగా మిగిలిన ‘బీలో’ అనే చిన్న మాట, పని మొదలుపెట్టి లేదా పెట్టబోయి మధ్యలో ఆగిపోయాడని చెప్పడానికి పనికొస్తోంది.

తీరని ఉద్దేశం చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు ఇప్పటికీ ఈ హ్యాడ్‌నే వాడతారు. ‘ఐ హ్యాడ్ హోప్డ్ టు మీట్ యు’ అంటే కలుద్దామనుకున్నాను, కలవలేకపోయాను అని. హోప్, ఇంటెండ్, ప్లాన్, మీన్ వంటి క్రియల ముందు హ్యాడ్ కనబడితే చాలాసార్లు ఆ పని నెరవేరలేదన్నమాటే.

ఒక్క ఐఎన్‌జీ తేడాతో బాధితుడు దొంగయిపోతాడని మీకు తెలుసా?

‘హీ హ్యాడ్ బీన్ రాబ్డ్’ అంటే అతన్ని ఎవరో దోచుకున్నారు. ‘హీ హ్యాడ్ బీన్ రాబింగ్’ అంటే అతనే దోపిడీలు చేస్తూ వచ్చాడు. హ్యాడ్ బీన్ కనబడగానే కంటిన్యువస్ అనుకునేవాళ్లు జాగ్రత్తపడాల్సిన చోటిది. వెనక వీత్రీ ఉంటే అది పాసివ్, ఐఎన్‌జీ ఉంటేనే కంటిన్యువస్. ఫిర్యాదులు రాసేవాళ్లు, వాటిని అనువదించేవాళ్లు రెండోసారి చూసుకోవాల్సిన అక్షరాలివి.

కంటిన్యువస్ రూపం ఆనవాళ్లను పట్టిస్తుందని మీకు తెలుసా?

రోడ్డు తడిసి ఉంది: ‘ఇట్ హ్యాడ్ బీన్ రెయినింగ్’. అమ్మాయి కళ్లు ఎర్రబడ్డాయి: ‘షీ హ్యాడ్ బీన్ క్రయింగ్’. పని ముగిసిందో లేదో చెప్పకుండా, అది మిగిల్చిన జాడ నుంచి వెనక్కి వెళ్లడం ఈ రూపానికి ఇష్టమైన పని. ‘హ్యాడ్ పెయింటెడ్ ది డోర్’ అంటే తలుపుకు రంగు వేయడం అయిపోయింది. ‘హ్యాడ్ బీన్ పెయింటింగ్ ది డోర్’ అంటే సగమే వేశాడేమో, చేతులకు మాత్రం రంగు అంటుకుని ఉంది. ఎంతసేపు అన్న ప్రశ్నకు కంటిన్యువస్ బాగా నప్పుతుంది. ఎన్ని, ఎన్నిసార్లు అన్నదానికి మామూలు పాస్ట్ పర్ఫెక్ట్ కావాలి. ‘హ్యాడ్ బీన్ రైటింగ్ సిన్స్ మార్నింగ్’, ‘హ్యాడ్ రిటెన్ సిక్స్ లెటర్స్’.

నో, ఓన్, బిలాంగ్ లాంటి క్రియలు ఐఎన్‌జీని దగ్గరికి రానివ్వవు. పదేళ్లుగా తెలుసు అనడానికి ‘హ్యాడ్ నోన్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. ‘హ్యాడ్ బీన్ నోయింగ్’ అనకూడదు.

తెలుగుకు ప్రత్యేకంగా ఈ టెన్సు ఎందుకు అక్కర్లేదో మీకు తెలుసా?

మనకు ‘సరికి’ ఉంది. మేం వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది అంటే వరస తెలిసిపోయింది. ‘అప్పటికే’ ఉంది, ‘లోపే’ ఉంది. ‘పోయింది’ అన్న సహాయక్రియ పని ముగిసిందని చెబుతుంది. ఇన్ని ఉండగా క్రియకు ఇంకో వేషం వేయాల్సిన పని లేదు.

కంటిన్యువస్‌లో తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మేం ఊళ్లో దిగేసరికి గంట నుంచీ వాన కురుస్తోంది అంటాం. కథ గతంలో ఉన్నా ‘కురుస్తోంది’ వర్తమానంలోనే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి తెస్తే ‘ఇట్ ఈజ్ రెయినింగ్ సిన్స్ వన్ అవర్’ అవుతుంది. ఇంగ్లీషు అడిగేది ‘హ్యాడ్ బీన్ రెయినింగ్ ఫర్ యాన్ అవర్’. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. టెన్సు మారాలి, పైగా మన ‘నుంచి’ రెండుగా విడిపోవాలి. గంట, మూడు రోజులు, పదేళ్లు లాంటి కొలతకు ఫర్. పొద్దున్న, సోమవారం, 1990 లాంటి మొదలుకు సిన్స్.

మన దేశపు ఇంగ్లీషుకు అదనపు హ్యాడ్ ఒక గుర్తు అని మీకు తెలుసా?

‘ఐ హ్యాడ్ గాన్ టు హైదరాబాద్ లాస్ట్ వీక్’. ‘ఐ హ్యాడ్ సెంట్ యు ఎ మెయిల్ ఎస్టర్‌డే’. మన ఆఫీసుల్లో రోజూ వినబడే వాక్యాలివి. ఉత్తరాది నుంచి దక్షిణాది దాకా భారతీయుల ఇంగ్లీషులో ఈ అలవాటు ఉందని భాషావేత్తలు నమోదు చేశారు. హిందీలో ‘గయా థా’ లాంటి రూపం మామూలు గతానికీ వాడతారు కాబట్టి అక్కడివాళ్ల విషయంలో కారణం తేలిగ్గా కనబడుతుంది. మనలో ఇది చాలాచోట్ల మర్యాద కోసం వచ్చినట్టు నాకు అనిపిస్తుంది. సెంట్ అంటే మొరటుగా, హ్యాడ్ సెంట్ అంటే కాస్త నమ్రతగా వినబడుతుంది. మన మధ్య ఇందులో ఏ ఇబ్బందీ లేదు. లండన్‌లోనో డల్లాస్‌లోనో వినేవారు మాత్రం ‘అయితే ఆ తర్వాత ఏమైంది?’ అని మిగతా కథ కోసం ఎదురుచూస్తారు. లాస్ట్ వీక్, ఎస్టర్‌డే లాంటి మాట పక్కనే ఉండి, వేరే సంఘటన ప్రస్తావన ఏదీ లేకపోతే, హ్యాడ్ తీసేసి చూడండి. వాక్యం చక్కగా నిలబడుతుంది.

వరసగా 11 హ్యాడ్‌లు ఉన్న వాక్యం ఉందని మీకు తెలుసా?

ఇంగ్లీషు పజిళ్లలో పేరుమోసిన వాక్యమిది: జేమ్స్, వైల్ జాన్ హ్యాడ్ హ్యాడ్ ‘హ్యాడ్’, హ్యాడ్ హ్యాడ్ ‘హ్యాడ్ హ్యాడ్’, ‘హ్యాడ్ హ్యాడ్’ హ్యాడ్ హ్యాడ్ ఎ బెటర్ ఎఫెక్ట్ ఆన్ ది టీచర్. జాన్ జవాబులో ‘హ్యాడ్’ రాశాడు, జేమ్స్ ‘హ్యాడ్ హ్యాడ్’ రాశాడు, టీచరుకు జేమ్స్ జవాబే నచ్చింది. అంతే కథ. కామాలు, కోట్లు లేకపోతే ఎవరికీ కొరుకుడుపడదు. రోజువారీ ఇంగ్లీషులో రెండు హ్యాడ్‌లు మామూలే. ‘ఐ హ్యాడ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ నిక్షేపంలాంటి వాక్యం. మొదటిది సహాయక్రియ, రెండోది అసలు క్రియ.

మాటల్లో ఆ హ్యాడ్ కూడా కరిగిపోయి ఒక్క ‘డ్’ మిగులుతుంది. ‘షీడ్ గాన్’ అంటే హ్యాడ్, ‘షీడ్ గో’ అంటే వుడ్. మరి ‘షీడ్ కమ్’? కమ్‌కు వీవన్, వీత్రీ ఒకటే కాబట్టి వచ్చేసి ఉందో, వస్తానంటోందో చుట్టూ ఉన్న మాటలే చెప్పాలి. పుట్, కట్, రన్ దగ్గరా ఇదే తంటా.

చెప్పిన మాటను మళ్లీ చెప్పేటప్పుడు మూడు టెన్సులు ఒకటైపోతాయని మీకు తెలుసా?

‘ఐ సా హిమ్’, ‘ఐ హ్యావ్ సీన్ హిమ్’, ‘ఐ హ్యాడ్ సీన్ హిమ్’. ఎవరో అన్న ఈ మూడింటినీ రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మారిస్తే మూడూ ‘హీ సెడ్ దట్ హీ హ్యాడ్ సీన్ హిమ్’ అవుతాయి. అసలు అతను ఏ టెన్సులో అన్నాడో ఇక తేల్చలేం. పాస్ట్ పర్ఫెక్ట్ కన్నా వెనక్కి వెళ్లడానికి ఇంగ్లీషులో ఇంకో మెట్టు లేదు.

ఒకప్పుడు ‘హ్యాడ్ కమ్’ బదులు ‘వజ్ కమ్’ అనేవారని మీకు తెలుసా?

పాత ఇంగ్లీషులో రావడం, పోవడం లాంటి కదలిక క్రియలకు హ్యావ్ బదులు బీ వాడేవారు. జర్మన్, ఫ్రెంచి భాషలు ఇప్పటికీ అలాగే చేస్తాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘ఈజ్ కమ్’ లాంటి రూపాలు కనబడతాయి. హ్యావ్ అయితే మొదట్లో ‘నా దగ్గర ఉంది’ అన్న మామూలు క్రియే. నా దగ్గర రాసిన ఉత్తరం ఉంది అన్న భావమే మెల్లగా నేను ఉత్తరం రాశాను అన్న టెన్సుగా మారింది. బీన్ ప్లస్ ఐఎన్‌జీ కలిసిన రూపం 14వ శతాబ్దిలో ఛాసర్ రాసిన ‘ది నైట్స్ టేల్’లోనే ఉంది.

మన ఇళ్లలో ఉండే గ్రామర్ పుస్తకం రాసిన వ్యక్తి నవలాకారుడని మీకు తెలుసా?

పాస్ట్ పర్ఫెక్ట్ మాటల్లో కన్నా కథల్లో ఎక్కువగా కనబడుతుందని 1999లో వచ్చిన ‘లాంగ్‌మన్ గ్రామర్ ఆఫ్ స్పోకెన్ అండ్ రిటెన్ ఇంగ్లిష్’ వేల పాఠ్యాలను లెక్కగట్టి చూపింది. కథకులు పాత సంగతిలోకి వెళ్లేటప్పుడు మొదటి రెండు మూడు వాక్యాలకే హ్యాడ్ పెట్టి, పాఠకుడు ఆ కాలంలో కుదురుకున్నాక సింపుల్ పాస్ట్‌లోకి జారిపోతారు. పేజీలకు పేజీలు హ్యాడ్ పెడితే చదవలేం.

అలా పాత సంగతిలోకి వెళ్లే కథ ఒకటి రాసినవాడే మన గ్రామర్ పుస్తక రచయిత కూడా. రెన్ అండ్ మార్టిన్ అని మనం పిలుచుకునే గ్రామర్ పుస్తకంలోని రెన్, అంటే పెర్సివల్ క్రిస్టఫర్ రెన్, మన దేశంలో విద్యాశాఖలో పనిచేసిన ఆంగ్లేయుడు. 1924లో ఆయన ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాశాడు. సహారా ఎడారిలోని ఒక కోటకు సహాయదళం చేరుకునేసరికి లోపలి సైనికులందరూ చనిపోయి ఉంటారు. చనిపోయినవాళ్లను కాపలా కాస్తున్నట్టుగా గోడల వెంట తుపాకులతో నిలబెట్టి ఉంటారు. ఎవరు నిలబెట్టారు, దళం రాకముందు ఆ కోటలో ఏం జరిగింది అన్నది చెప్పడానికే మిగతా నవలంతా వెనక్కి నడుస్తుంది.